బెండకాయ వేపుడు అట్లాంటాలో కూడా ఉంది బాబాయ్ గారూ

అమెరికా ప్రయాణాల సీజన్ మొదలైనట్టుంది, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అట్లాంటాలో ఎక్కడ తినాలి అనే. నేను ఆ ఊళ్ళో ఉంటానని ఎవరు చెప్పారో గానీ! సరే, మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఈ నెల తిండి గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి అట్లాంటా దగ్గర ఆల్ఫరెట్టాలో ఉంటాడు. పోయినసారి మూడు నెలలు ఉన్నాం, బయట తిన్నదల్లా బిర్యానీ, దోసె, మళ్ళీ బిర్యానీ. అంత దూరం విమానమెక్కి వెళ్ళి కూకట్‌పల్లిలో దొరికేదే తిని వచ్చామే అనిపించింది. ఈసారి ఆ ఊరి వంట తినాలని నా కోరిక. నేను కోడి, చేప తింటాను, గొడ్డు, పంది ముట్టను. మా ఆవిడైతే గుడ్డు కూడా తినదు. అబ్బాయిని అడిగితే "మీకు నచ్చదులే నాన్నా" అంటున్నాడు. మా ఇద్దరికీ కుదిరేవి ఏమైనా ఉన్నాయా? (ఒక రిటైర్డ్ లెక్చరర్, రాజమండ్రి)

జవాబు: బాబాయ్ గారూ, ముందు మీ అబ్బాయి తరఫున ఒక మాట. ఆల్ఫరెట్టా, కమ్మింగ్, జాన్స్ క్రీక్ వైపు ఉండే మనవాళ్ళకి గోంగూర దగ్గర్నుంచి పూతరేకుల దాకా అన్నీ ఇంటి పక్కనే దొరుకుతాయి, ఇంక శని ఆదివారాలు పిల్లల క్లాసులు, పుట్టినరోజులు, వ్రతాలు, ఊళ్ళోకి పోయి తినే తీరికెక్కడిది చెప్పండి. అట్లాంటాలో ఉంటున్నామంటాం గానీ అట్లాంటా వంట తిననివాళ్ళం మాలో చాలామందిమి. నేనూ మొదటి ఆరేళ్ళు అంతే.

అసలు సంగతేంటంటే అమెరికా దక్షిణాది వంట మనకి దూరపు చుట్టం. బెండకాయ, బొబ్బర్లు రెండూ ఆఫ్రికా నుంచి వచ్చినవి, బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటే ఆ గింజలూ వచ్చాయి, వాటిని వండే తీరూ వచ్చింది. అందుకే ఇక్కడి సోల్ ఫుడ్ (అంటే దక్షిణాది నల్లవాళ్ళ ఇంటివంట) హోటల్లో కూర్చుని మెనూ చూస్తే బెండకాయ వేపుడు, బొబ్బర్లు, ఆకుకూర, చిలగడదుంప, మజ్జిగలో నానబెట్టి వేయించిన కోడి, పచ్చి టమాటా వేపుడు, ఇవే కనిపిస్తాయి. గ్రిట్స్ అని ఒకటుంది, మొక్కజొన్న రవ్వని ఉడికించి పైన వెన్న వేసి ఇస్తారు, మా అమ్మ మొదటిసారి తిని "ఇదేంటే, పోపు మర్చిపోయిన ఉప్మాలా ఉంది" అంది. అన్నది గానీ గిన్నె ఖాళీ చేసింది. ఉత్తరాన కొండల వైపు తీసుకెళ్తే రోడ్డు పక్కన బండ్ల మీద ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతుంటారు, అచ్చం మనలాగే ఉప్పునీళ్ళలో తొక్కతో ఉడకబెట్టినవి. పిన్నిగారికి అవి భేషుగ్గా పనికొస్తాయి, మసాలా పెట్టినవి కాకుండా ఉత్త ఉప్పువి అడగండి చాలు.

ఇప్పుడు అసలు జాగ్రత్త, ఇది మాత్రం పిన్నిగారికి చదివి వినిపించండి. నేను వచ్చిన కొత్తల్లో ఆఫీసు దగ్గర ఒక చిన్న హోటల్ ఉండేది, పేరెందుకులెండి, అక్కడ కాలర్డ్ గ్రీన్స్ అని ఆకుకూర పెట్టేవాళ్ళు, కాస్త మన తోటకూర పులుసులా మెత్తగా పుల్లగా. కార్తీక మాసం, నేను నీసు మానేశాను, ఆకుకూరే కదా అని రెండు వారాలు రోజూ మధ్యాహ్నం అదే తిన్నాను. ఒక సోమవారం గిన్నె అడుగున ఎముక తగిలింది. అడిగితే ఆవిడ ఎంతో ముద్దుగా "హామ్ హాక్ హనీ, రుచంతా దాన్లోనే ఉంది" అంది, అంటే పంది కాలు. ఆవిడ తప్పేం లేదు, ఆ వంట పద్ధతే అది, నేనే అడగలేదు. కాబట్టి ఇక్కడ కూరగాయల లిస్టులో ఉన్నంత మాత్రాన శాకాహారం అనుకోకండి. ఆకుకూర, బొబ్బర్లు, చిక్కుడు గింజలు చాలాచోట్ల పంది ముక్కతోనో టర్కీ కోడి ముక్కతోనో ఉడుకుతాయి, కార్న్‌బ్రెడ్ అనే మొక్కజొన్న పిండి రొట్టెలో మామూలుగా గుడ్డు ఉంటుంది, బెండకాయ వేపుడు కోడి వేగిన నూనెలోనే వేగొచ్చు. మాకరోనీ చీజ్‌ని ఈ హోటళ్ళలో కూరగాయల కిందే లెక్కేస్తారు, అది మాత్రం నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, ఓవెన్‌లో పెట్టి చేసే దాంట్లో గుడ్డు కూడా కలుపుతారు. "వెజిటేరియనా?" అని అడిగితే అవునంటారు, అలా అడక్కండి. "దీన్ని మాంసంతో ఉడికించారా, నీళ్ళలోనా, గుడ్డు వేశారా" అని వస్తువు పేరు పెట్టి అడగాలి. నిజం చెప్పాలంటే సోల్ ఫుడ్ హోటల్లో పిన్నిగారికి చివరికి మిగిలేది గ్రిట్స్, ఇంకో రెండు ఐటమ్స్ అంతే, కాబట్టి అక్కడికి ఆవిడకి కడుపులో ఏదన్నా పడ్డాక వెళ్ళండి, లేదా మీరూ అబ్బాయీ వెళ్ళండి.

మీకైతే పండగే. బిజీ బీ కేఫ్ అని మార్టిన్ లూథర్ కింగ్ డ్రైవ్‌లో ఉంది, లూసీ జాక్సన్ అనే ఆవిడ 1947లో పెట్టింది, 2022లో అమెరికా హోటళ్ళకి పెద్ద అవార్డులిచ్చే జేమ్స్ బియర్డ్ వాళ్ళు అమెరికాస్ క్లాసిక్స్ అవార్డు ఇచ్చారు. అదే 1947లో పాస్కల్స్ కూడా మొదలైంది, జేమ్స్, రాబర్ట్ అని ఇద్దరు అన్నదమ్ములు పెట్టారు, పౌరహక్కుల ఉద్యమం రోజుల్లో మార్టిన్ లూథర్ కింగ్ గారూ ఆయన మనుషులూ అక్కడే కూర్చుని వేయించిన కోడి తింటూ మంతనాలు చేసేవాళ్ళు. ఇప్పుడున్న బిల్డింగు అది కాదు, కొత్త చోటికి మారింది, కానీ మీరు పాఠాలు చెప్పిన మనిషి కదా, కథ తెలిసి తింటే మీకు వేరేగా ఉంటుంది. రెండిట్లో ఒకటే చెప్పమంటే కోడి వేపుడుకి బిజీ బీ అంటాను. కోడి పైన మసాలా లేకపోయినా లోపలిదాకా ఉప్పు పట్టి ఉంటుంది, పచ్చిమిరపకాయ కోసం వెతుక్కోకండి, టేబుల్ మీద హాట్ సాస్ సీసా ఉంటుంది, అది కానివ్వండి. పాన్స్ డీ లియాన్ రోడ్డులో మేరీ మ్యాక్స్ టీ రూమ్ ఉంది, 1945 నాటిది, టేబుల్ దగ్గర కాయితం మీద పెన్సిల్‌తో మనమే ఆర్డర్ రాసివ్వాలి. మొదటిసారి వచ్చామంటే పాట్ లిక్కర్ అని ఒక కప్పు తెస్తారు, పేరు చూసి భయపడకండి, మందు కాదు, ఆకుకూర ఉడికిన నీళ్ళు, మన కట్టు లాంటిది. అయితే పైన చెప్పిన ఎముక సంగతి గుర్తుపెట్టుకుని అడిగి తాగండి, మీరు పంది ముట్టనన్నారు కదా. ఇంకోటి, స్వీట్ టీ. షుగర్ ఉంటే దాని జోలికి పోవద్దు, అది చల్లటి టీ కాదు, టీ రంగు వేసిన పాకం. "అన్‌స్వీట్" అని గట్టిగా చెప్పండి.

ఇక పిన్నిగారి కోసం. అట్లాంటాలో ఇథియోపియా వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ క్రైస్తవ సంప్రదాయంలో బుధ, శుక్రవారాలు ఉపవాసం, ఉపవాసమంటే మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవు. అందుకని వాళ్ళ ప్రతి హోటల్లో ఉపవాసం పళ్ళెం ఒకటి ఉంటుంది, ఇంజెరా అని పులియబెట్టిన పెద్ద మెత్తటి దోసె పరిచి దాని మీద ఎర్ర కందిపప్పు కారంగా, శనగపిండితో చేసే షిరో, క్యాబేజీ, ఆకుకూర కుప్పలుగా పెడతారు, చేత్తోనే తినాలి. ఆ ఆకుకూర ఏదనుకున్నారు, అవే కాలర్డ్స్! నాకు దొరక్క ఏడ్చిన కూర, ఎముక లేకుండా నూనెలో మగ్గి, వెల్లుల్లితో. ఇది నాకు చెప్పింది ఒక ఊబర్ డ్రైవర్, ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తూ "డ్యూటీ దిగాక నువ్వెక్కడ తింటావు బాబూ" అని అడిగాను, ఈ ఊళ్ళో ఏ రేటింగ్ కన్నా ఈ ప్రశ్న బాగా పనిచేస్తుంది. బ్రయర్‌క్లిఫ్ రోడ్డులో డెస్టా అని ఒకటుంది, అక్కడ మొదలెట్టండి. ఇంజెరాకి టెఫ్ అనే చిన్న గింజ పిండి వాడతారు, పులుపు మన పెసరట్టుకి కాదు, రెండో రోజు అట్లపిండికి వచ్చే పులుపు. పిన్నిగారికి నచ్చుతుందని నా పందెం.

ఇంకో రోజు డికేటర్ వైపు వెళ్ళండి. అక్కడ డీకాబ్ ఫార్మర్స్ మార్కెట్ ఉంది, రాయడం డీకాల్బ్ అని రాస్తారు, ల్ పలికితే కొత్తవాళ్ళని తెలిసిపోతుంది. 1977లో చిన్న కూరగాయల కొట్టుగా మొదలై ఇప్పుడు మన రైతుబజార్లు నాలుగు కలిపినంత అయింది, లోపల ఒక మూల వండిన పదార్థాలు ఉంటాయి, పెట్టెలో వేసుకుని తూకానికి డబ్బులిచ్చి తినడమే, దేంట్లో ఏముందో చీటీ రాసి ఉంటుంది కాబట్టి ఎవర్నీ అడిగే పన్లేదు. ఫొటోలు మాత్రం తీయనివ్వరు. అక్కడ్నుంచి దగ్గర్లోనే పటేల్ ప్లాజా, మన సరుకులు, చాట్, దక్షిణాది టిఫిన్ అన్నీ ఒకే ఆవరణలో. లిల్‌బర్న్‌లో స్వామినారాయణ మందిరం ఉంది, 2007లో కట్టారు, పక్కనే వాళ్ళ షాయోనా కేఫ్‌లో ఉల్లి వెల్లుల్లి కూడా లేని భోజనం దొరుకుతుంది. రివర్‌డేల్‌లో వేంకటేశ్వరస్వామి గుడి క్యాంటీన్ వారాంతాల్లో ఉంటుంది, పులిహోర కోసమైనా వెళ్ళొచ్చు, కాకపోతే మీ ఆల్ఫరెట్టా ఊరికి ఆ చివర, ఈ గుడి ఈ చివర, ట్రాఫిక్ లేకుండా ఉదయాన్నే బయల్దేరండి. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఈ ఊళ్ళో ఎక్కడికైనా తినడానికి బయల్దేరడం అంటే ఆకలితో కార్లో కూర్చోవడమే.

ప్రశ్న: అక్కా నమస్తే, మాది వరంగల్, హైదరాబాద్‌ల జాబ్ చేస్తున్న. ఆఫీసు కాన్ఫరెన్స్‌కి నాలుగు రోజులు అట్లాంటా పోతున్న, డౌన్‌టౌన్‌ల హోటల్ ఇచ్చిన్రు, కారు లేదు, ఒక్కన్నే. నేను అన్నీ తింట, కారం ఉంటే ఇంక మంచిది. గూగుల్‌ల చూస్తే బర్గర్లు, స్టేక్‌లు అవే వస్తున్నయ్. ఏం చెయ్యాలె? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, ఒక్క ముక్కలో చెప్పాలంటే డౌన్‌టౌన్‌లో రాత్రి భోజనం చెయ్యకు. అక్కడ ఉన్నవన్నీ నీలాగా మెడలో బ్యాడ్జి వేసుకున్న వాళ్ళ కోసం పెట్టినవి, అదే బర్గర్ ఊరవతల సగం ధరకి ఇంతకన్నా బాగుంటుంది. కారు లేకపోయినా మార్టా రైలు ఉంది కదా, ఎటు పోయినా టికెట్ 2.50 డాలర్లే, ఎయిర్‌పోర్ట్ లోపల్నుంచే ఎక్కి నేరుగా డౌన్‌టౌన్‌లో దిగొచ్చు.

మధ్యాహ్నం గంట టైం దొరికితే స్వీట్ ఆబర్న్ కర్బ్ మార్కెట్‌కి నడిచి పో. 1924 నాటి ఇటుక బిల్డింగు. కర్బ్ అంటే రోడ్డంచు, వర్ణవివక్ష రోజుల్లో తెల్లవాళ్ళు లోపల అమ్ముకునేవాళ్ళు, నల్లవాళ్ళని లోపలికి రానివ్వక రోడ్డంచున నిలబెట్టి అమ్మించారు, ఆ పేరు అలా వచ్చింది. ఇప్పుడు లోపల ఒకవైపు పంది కాళ్ళు, ఆకుకూరలు అమ్మే కొట్లు, ఇంకోవైపు చిన్న చిన్న వంట కౌంటర్లు. సాయంత్రానికి సర్దేస్తారు, మధ్యాహ్నమే వెళ్ళాలి. కింగ్ గారు పుట్టిన ఇల్లు, ఎబెనీజర్ చర్చి పక్క వీధి ఆబర్న్ ఎవెన్యూలో కాస్త ముందుకు నడిస్తే వస్తాయి.

రాత్రికి గోల్డ్ లైన్ ఎక్కు, చాంబ్లీలో గానీ చివరి స్టేషన్ డోరవిల్‌లో గానీ దిగు, అక్కడ్నుంచి క్యాబ్ తీసుకుని బ్యూఫర్డ్ హైవే అని చెప్పు. నాకు అట్లాంటాలో నచ్చిన రోడ్డు ఏదంటే అదే, చూడ్డానికి మాత్రం ఏం బాగోదు, అటు ఇటు పాత స్ట్రిప్ మాల్స్, టైర్ల షాపులు, పక్కన లాండ్రీ, మధ్యలో ఒక నూడుల్స్ కొట్టు. అద్దెలు తక్కువని 1970ల తర్వాత వచ్చినవాళ్ళంతా అక్కడే దిగారు, కొరియా, వియత్నాం, మెక్సికో, చైనా, ఎవరి తిండి వాళ్ళు పెట్టుకున్నారు. నీకు కారం కావాలి కాబట్టి సిచువాన్ చైనా హోటల్‌కి పో, గుస్ కిచెన్ అని చాంబ్లీలో ఉంది, మిరపకాయతో పాటు నాలిక తిమ్మిరెక్కించే ఇంకో మిరియం ఉంటుంది, గుంటూరు కారం తిన్నవాడికి కూడా అది కొత్తే. రెండో రాత్రి మెక్సికో వాళ్ళ టాకో. ప్లాజా ఫియస్టా అని ఒక మాల్ ఉంది, ఆదివారం పోతే మన జాతరే అనుకో, కుటుంబాలకి కుటుంబాలు. ఒక్కటే హెచ్చరిక, ఆ రోడ్డు మీద పరుగెత్తి దాటకు, ఏడు లేన్లు, చాలాచోట్ల ఫుట్‌పాత్ కూడా సరిగ్గా లేదు, సిగ్నల్ దాకా నడిచినా పర్లేదు.

హోటల్ ముందు నిలబడి లోపలికి పోవాలా వద్దా అనుకున్నప్పుడు నేను చూసేది మెనూ ఎంత పొడుగుంది అని. సిచువాన్, థాయ్, సుషీ మూడూ ఒకే బోర్డు మీద ఉంటే వెనక్కి తిరిగిపో. స్టార్ రేటింగులు నేను నమ్మను, 4.6 ఉన్నవి ఊరంతా ఉన్నాయి. మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళు ఏమని తిట్టారో చదువు, "సర్వీస్ స్లో, ఇంగ్లీషు రాదు, మరీ కారం" అని తిట్టారనుకో, అది నీకోసమే. హోటళ్ళకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ వాళ్ళు కూడా 2023లో అట్లాంటాకి వచ్చారు, కొన్నిటికి స్టార్లిచ్చారు, వాటికి నీ ఆఫీసు డబ్బులిస్తే పో, లేకపోతే వద్దు. వాళ్ళ లిస్టులో తక్కువ ధరలో బాగుండేవి బిబ్ గుర్మాండ్ అని వేరేగా ఉంటాయి, అవి చూడు.

వర్సిటీ అని జార్జియా టెక్ పక్కన 1928 నుంచి ఉన్న డ్రైవ్-ఇన్ ఒకటుంది, నార్త్ ఎవెన్యూ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. కౌంటర్ దగ్గరికి పోగానే "వాటిల్ యా హావ్, వాటిల్ యా హావ్" అని అరుస్తారు, కంగారు పడకు, అందర్నీ అలాగే అరుస్తారు. తిండి మామూలే నా లెక్కలో, ఉల్లిపాయ రింగులు, ఫ్రాస్టెడ్ ఆరెంజ్ అనే చల్లటి నారింజ పానీయం తీసుకుని బయటపడు. పాన్స్ సిటీ మార్కెట్ అని సియర్స్ అనే దుకాణాల కంపెనీ పాత గోడౌన్‌ని ఫుడ్ హాల్ చేశారు, ధరలెక్కువ, కానీ వెనకాలే బెల్ట్‌లైన్ అని పాత రైలు పట్టాల దారిని నడకబాట చేశారు, సాయంత్రం ఒక్కడివే ఉంటే అక్కడ నడవడం బాగుంటుంది. మన తిండి మీద మనసైతే అందులోనే బోటీవాలా ఉంది. చాయ్ పానీ వాళ్ళదే అది, నార్త్ కరోలినా ఆష్‌విల్‌లో ఉన్న వాళ్ళ మొదటి హోటల్‌కి 2022లో అమెరికా మొత్తానికి బెస్ట్ రెస్టారెంట్ అని జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది, వడాపావ్ అమ్మేవాళ్ళకి! అన్నట్టు రాత్రి పన్నెండుకి ఆకలేస్తే వాఫుల్ హౌస్, 24 గంటలూ తెరిచే ఉంటుంది, 1955లో ఇక్కడే పక్కన ఏవన్‌డేల్ ఎస్టేట్స్‌లో పుట్టింది, ఆలుగడ్డ తురుము పెనం మీద కాల్చి ఇస్తారు, "స్కాటర్డ్, స్మదర్డ్" అంటే పెనమంతా పరిచి ఉల్లిపాయలు వేసి అని. అదే పెనం మీద బేకన్ అనే పంది మాంసం కూడా కాలుతుంది, నీకు ఫర్వాలేదు గానీ మా పిన్నిగారికి పనికిరాదు. లెమన్ పెప్పర్ వింగ్స్ (నిమ్మ, మిరియాలు పట్టించిన కోడి రెక్కలు) తినకుండా వెనక్కి రాకు, అట్లాంటా అంటే అదే, "వెట్" అని అడిగితే వెన్నలో ముంచి ఇస్తారు.

ప్రశ్న: బ్యూఫర్డ్ హైవేలో ఒక వియత్నాం హోటల్ మెనూలో కొన్నిటి పక్కన ఇంగ్లీషులో చాయ్ అన్నట్టు రాసుంది, టీ అనుకుని వదిలేశాం. పక్క టేబుల్ వాళ్ళు నవ్వారు. ఏంటది? (ఒక పాఠకురాలు, సువానీ)

జవాబు: వియత్నాం భాషలో అది శాకాహారం అండీ, బౌద్ధులు కొన్ని తిథులప్పుడు తినేది. ఆ మాట కోసమే వెతకాలి నిజానికి, లేకపోతే ఉత్త కూరగాయల నూడుల్స్‌లో కూడా చేప సాస్ పడుతుంది. కొరియా కిమ్చీలో కూడా అంతే, ఉప్పులో ఊరేసిన రొయ్యలో చేప సాసో సాధారణంగా ఉంటుంది. మెక్సికో బీన్స్ పంది కొవ్వుతో చేశారేమో, అన్నం కోడి రసంతో వండారేమో అడగండి.

ప్రశ్న: బిల్లు చూస్తే మెనూ ధర ఒకటి, కట్టేది ఇంకొకటి. టిప్పు ఇవ్వకపోతే ఏమవుతుంది? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: ఏమీ అవ్వదు, ఆ పిల్ల ఇంటికెళ్ళి ఏడుస్తుంది. టేబుల్ దగ్గరికి తెచ్చి వడ్డించేవాళ్ళకి జీతం నామమాత్రం, టిప్పే సంపాదన, 18 నుంచి 20 శాతం ఇవ్వాలి. అట్లాంటా నగరంలో టాక్స్ 8.9 శాతం అదనం. కాబట్టి మెనూలో 20 డాలర్లంటే చేతిలో 26 పెట్టుకుని కూర్చోండి. కౌంటర్ దగ్గర మనమే తెచ్చుకునే చోట స్క్రీన్ తిప్పి 25 శాతం చూపిస్తే మొహమాటపడక్కర్లేదు. బిల్లులో సర్వీస్ ఛార్జి ముందే వేశారేమో చూసుకోండి, మా మరిది ఒకసారి రెండుసార్లు ఇచ్చి మూడు నెలలు చెప్పుకున్నాడు.

ప్రశ్న: అవన్నీ వద్దు, అట్లాంటాలో మంచి బిర్యానీ ఎక్కడ? (కమ్మింగ్ నుంచి ఏడుగురు, విడివిడిగా)

జవాబు: పేరు చెప్తే పత్రిక ప్రింటయ్యేలోపు వంటాయన పక్క హోటల్‌కి మారిపోతాడు, బోర్డు మాత్రం అదే ఉంటుంది. శనివారం పొద్దున పదకొండున్నరకి ఫోన్ చేసి "దమ్ ఎన్నింటికి తీస్తారు" అని అడగండి. టైం చెప్పినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, "ఎప్పుడైనా రండి సార్" అన్నవాళ్ళ దగ్గర పెరుగన్నం తినండి.